ఒకటిన్నర చుట్టు

అత్తగారి కళ్ళజోడు మళ్ళీ తెరుచుకుని ఉంది.

ఆరోగ్యమేరి చీపురు గోడకి ఆనించి, చెయ్యి కొంగుకి తుడుచుకుని, దాన్ని మడిచి పెట్టింది. ముందు ఎడమ కాడ, దాని మీద కుడి కాడ. పొద్దున్నే షాపు ఊడ్చి, అద్దాల బీరువాలు తుడిచి, మామగారి ఫొటో మీద దుమ్ము దులిపి, ఆ ఫొటో కింద చెక్క పలక మీదున్న కళ్ళజోడు మూసి, అప్పుడు షట్టరు ఎత్తాలి. అత్తగారు బుల్లమ్మ పోయి మూడు నెలలైంది. ఈ మూడు నెలల్లో ఇదీ ఇంటిపనుల్లో ఒకటైపోయింది. పాలు కాచడం, అంట్లు తోమడం, చచ్చిపోయిన మనిషి కళ్ళజోడు మూయడం. ఆ ఇంట్లో ఏ పని కొత్తగా పుట్టినా అది ఎవరి వంతో అడగాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

మొదట్లో తనే మడవడం మర్చిపోయిందేమో అనుకుంది. రోడ్డు మీద బెల్లం లారీలు పోతుంటే ఆ అదురుకి తెరుచుకుంటోందని మొగుడు సత్యరాజు అంటే అదీ నమ్మింది. కానీ లారీ అదురుకి తెరుచుకున్నది ఎటైనా తిరిగి ఉండొచ్చు. ఇది మాత్రం రోజూ వెనక గది వైపే తిరిగి ఉంటుంది. మేరీ దాన్ని రోడ్డు వైపు తిప్పి మడిచి పెట్టినా సరే, తెల్లారేసరికి కాడలు బార్లా చాపుకుని ఆకుపచ్చ తెర వైపు చూస్తూ ఉంటుంది.

ఆ తెర సంగతి చెప్పాలి. అనకాపల్లిలో నెహ్రూచౌక్ దాటాక, బెల్లం కొట్ల వరస మొదలయ్యే చోట వాళ్ళది చిన్న కళ్ళజోళ్ళ షాపు. ముందు గదిలో సత్యరాజు కౌంటరు. వెనక గదిలో గ్యాసు పొయ్యి, పొయ్యి పక్కన కిటికీ కింద మేరీ రిపేరు బల్ల. రెంటికీ నడుమ తెర. ఎవరైనా విరిగిన కళ్ళజోడు తెస్తే సత్యరాజు వాళ్ళని అయిదు నిమిషాలు కూర్చోమని, తెర తప్పించుకుని లోపలికొస్తాడు. మేరీ పప్పు కింద మంట తగ్గించి బాగుచేసి ఇస్తుంది. అతను దాన్ని ఊదుకుంటూ, చొక్కా అంచుకి తుడుచుకుంటూ బయటికి వెళతాడు. నీకు మీ నాన్న చెయ్యే వచ్చిందయ్యా అంటారు పాతవాళ్ళు. సత్యరాజు తండ్రి ఫొటో వైపు చూసి ఒక దణ్ణం పెడతాడు. సొమ్మొకడిది సోకొకడిది అంటారు గానీ, ఇక్కడ సోకు చేసుకునేవాడు సొమ్ము తనదేనని నిజంగానే నమ్ముతాడు. పద్దెనిమిదేళ్ళుగా అబద్ధం ఆడుతున్నవాడి మొహం అంత ప్రశాంతంగా ఉండదు. అందుకే మేరీకి కోపం కూడా సరిగ్గా వచ్చేది కాదు.

తను కాపురానికి వచ్చేసరికే మామగారు లేరు. ఆయన చేతి మహిమ గురించి కథలు మాత్రం ఉండేవి. పెళ్ళైన ఏడాదే సత్యరాజు చిన్న స్క్రూడ్రైవరు చేతిలో పెట్టి, ఆడవాళ్ళ వేళ్ళు సన్నం కదా, చూడు అన్నాడు. బుల్లమ్మకి అప్పటికే కుడిచెయ్యి వణుకు. ఆవిడ పొయ్యి పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని, కళ్ళజోడు పెట్టుకుని, కోడలి వేళ్ళనే చూస్తుండేది. తప్పు చేస్తే నాలుక చప్పరించేది. ఎక్కడ తప్పో చెప్పేది కాదు. మేరీ విప్పి మళ్ళీ బిగించేది. ఈసారి చప్పరింపు వినిపించకపోతే పని సరిగ్గా వచ్చినట్టు. అలా ఆ చప్పుళ్ళలోంచే మేరీకి పని వచ్చింది, అయినా అత్తగారు నేర్పిందని ఏనాడూ అనుకోలేదు. వంకలు పెడుతోందనే అనుకుంది. తన కళ్ళజోడు మాత్రం ఆవిడ ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. అదీ ఒక గీరే అనుకుంది మేరీ.

ఆ వీధిలో ఒక ఆనవాయితీ ఉంది. పోయినవాళ్ళ కళ్ళజోడు ఇంట్లో ఉంచరు, మట్టిలో పెట్టరు, నిప్పులో వెయ్యరు. అంతా అయిపోయిన మర్నాడు ఇంటివాళ్ళలో ఒకరు వచ్చి, కాడలు మడిచి, షాపు బల్ల మీద పెట్టి, ఏమీ మాట్లాడకుండా వెళ్ళిపోతారు. తెరిచి ఇస్తే పోయినవాళ్ళు ఇంటి వైపే చూస్తుంటారని భయం. షాపువాళ్ళు దాని బందు, అంటే కాడ మడతపడే కీలు, విప్పి శుభ్రం చేసి మళ్ళీ బిగించాలి. బందు విప్పితేనే పాత చూపు వదులుతుంది. ఆ తర్వాత అది చర్చిలో పెట్టే కంటి శిబిరానికి వెళ్ళి, కశింకోటలోనో ఎస్. రాయవరంలోనో ఏ ముసలాయన ముక్కు మీదో మళ్ళీ పుడుతుంది.

ఆ విప్పడాలన్నీ మేరీయే చేసేది. చేసి చేసి ఆమెకి బందులు చదవడం వచ్చేసింది. మగవాళ్ళ కళ్ళజోళ్ళలో రెండు బందులూ ఒకేలా అరుగుతాయి. రెండు చేతులా తీసి, మడిచి, జేబులో పెట్టుకుంటారు. ఆడవాళ్ళవి ఎడమవైపు బందు లొడలొడలాడుతుంది, లోపల పిండో మసో జిడ్డో ఇరుక్కుని ఉంటుంది. కుడిచెయ్యి ఎప్పుడూ దేంట్లోనో ఉంటుంది కాబట్టి ఎడంచేత్తో లాగి తీస్తారు. ఈ సంగతి మొగుడితో చెబితే, బందులు చూసి జాతకాలు కూడా చెబుతావా అని నవ్వాడు. తల్లి కళ్ళజోడు బందు విప్పుదామంటే మాత్రం నవ్వలేదు. మా అమ్మ చూపు ఎక్కడికీ పోనక్కర్లేదు, ఇంట్లోనే ఉండనీ అన్నాడు. బతికుండగా ఆ చూపు కింద పద్దెనిమిదేళ్ళు కూర్చున్నది అతను కాదు కదా.

రెండేళ్ళ కిందటి మాట. మునగపాక నుంచి కొండతల్లి అని ఒకామె వచ్చేది. బెల్లం వండే పెనం దగ్గర పని. సీజనులో నెలకి రెండుసార్లు ఆమె కళ్ళజోడు స్క్రూ పడిపోయేది. పాకంలోనే పడిందో, పొయ్యిలోనే పడిందో. ఓ రోజు సత్యరాజు భోజనానికి కూర్చుంటే మేరీయే కౌంటరు దగ్గరికి వెళ్ళింది. కొండతల్లి కళ్ళజోడు అందిస్తూ, వేడికి మచ్చలు పడ్డ చేతుల్ని చూసుకుంటూ అంది:

"ఇది సేసినోడికి రెండు సేతులూ కాళీగా ఉంటాయి కావాలమ్మా. పెనం కాడ నిలబడినోడు సెయ్యలేదు దీన్ని."

ఆ మాట మేరీ బుర్రలో దిగబడిపోయింది. అన్నం వారుస్తున్నా, బట్టలు జాడిస్తున్నా అదే ఆలోచన. స్క్రూ ఉంటే వదులౌతుంది. వదులైతే పడుతుంది. అసలు స్క్రూయే లేకపోతే? నాలుగు నెలలు, పప్పు ఉడికే వ్యవధుల్లో, చేసింది, విరిచింది, మళ్ళీ చేసింది. చివరికి సైకిలు బ్రేకు వైరులోంచి ఒక్క పోగు తీసి, బందు కన్నాల్లోంచి దూర్చి, అడుగున ఒకటిన్నర చుట్టు తిప్పి, మిగిలిన తోకని లోపలికి మడిచింది. ఒక చుట్టు చాలదు, జారిపోతుంది. రెండైతే బిగిసిపోతుంది. ఒకటిన్నరకి ఉక్కు తీగ కొంచెం సాగి, ఒంటిచేత్తో ఎంత లాగినా కాడ తన చోటికి తను వచ్చేస్తుంది. తోక బయటికి ఉంటే జుట్టు పీకుతుంది, అందుకని లోపలికి. అంతే, ఒక్క తీగ ముక్క. ఊడదు, పోయినా పట్టుకారు ఉన్నవాడెవడైనా మళ్ళీ వేసుకోవచ్చు. కొండతల్లి ఆ తర్వాత స్క్రూ కోసం రాలేదు.

అది పూర్తయిన రోజు బుల్లమ్మ పీట మీంచి లేచి వచ్చి, ఆ బందుని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసింది. నాలుక చప్పరించలేదు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఎవులికీ సూపించకు," అంది. "సూపించేవంటే అది నీది కాదు."

ఓర్వలేక అంది అనుకుంది మేరీ. శాపంలా పడింది ఆ మాట. చూపించకుండా ఎలాగూ ఉండలేదు, సత్యరాజు చూశాడు. ఊళ్ళో సగం కళ్ళజోళ్ళకి ఇప్పుడు ఆ తీగే ఉంది. దాన్ని సత్యరాజు బందు అంటారు.

విశాఖపట్నంలో ఫ్రేములు తయారుచేసే రోనాల్డ్ అనే ఆయన దాకా ఆ కబురు పోయింది. ఫోను చేసి, వచ్చి చూస్తానన్నాడు. బాగుంటే తన ఫ్రేములన్నిటికీ అదే పెట్టి, చేసినవాళ్ళ పేరు ప్రతి డబ్బా మీదా వేస్తాడట. సత్యరాజు రిసీవరు పట్టుకుని, పగలనక రేయనక తను ఎంత ఆలోచించి దాన్ని కనిపెట్టాడో చెబుతుంటే మేరీ తెర వెనక వంకాయలు తరుగుతూ వింది. ఆ నాలుగు నెలలూ అతని నోటి వెంట ఎంత బాగా వచ్చాయంటే, ఒక్క క్షణం తనకే అనుమానం వేసింది.

ఫోను పెట్టి లోపలికొచ్చాడు. "శనివారం పదకొండింటికి వత్తాడు. సేసి సూపించమంటాడు. నువ్వు తెర ఎనకాలే ఉండు, నేను లోపలికొచ్చి తీసికెల్తాను. ఆయనకేటి తెలుత్తాది?"

మేరీ వంకాయ ముక్కలు నీళ్ళలో వేసింది.

ఆ మధ్యాహ్నం షాపు మూసి అతను పైన పడుకున్నాక, బల్ల దగ్గర కూర్చుంటే తెర అవతల చిన్న చప్పుడైంది. టిక్ అని. బందు తెరుచుకునే చప్పుడు మేరీకి తెలియనిది కాదు. తెర అంచు పక్కకి తీసి చూసింది. షట్టరు సందులోంచి ఎండ గీతలా పడుతోంది. పలక మీద అత్తగారి కళ్ళజోడు కుడి కాడ విప్పుకుని ఉంది. మేరీ కళ్ళార్పకుండా చూస్తుండగానే ఎడమ కాడ, ఎవరో వేలితో తోసినట్టు, తాపీగా జరిగి పూర్తిగా తెరుచుకుంది. లారీ ఏదీ పోవడం లేదు. ఫ్యాను కూడా తిరగడం లేదు. మేరీ పారిపోదామనుకుంది. చివరికి వెళ్ళి, మడిచి, తెల్లదారంతో రెండు పేటలు చుట్టి ముడి మీద ముడి వేసింది.

మర్నాడు కళ్ళజోడు తెరుచుకునే ఉంది. దారం తెగలేదు. ముడులు విప్పి ఉన్నాయి. దారాన్ని పక్కనే చక్కగా చుట్టి పెట్టారెవరో. ఒకటిన్నర చుట్టు. కొస లోపలికి మడిచి ఉంది.

మేరీ దారాన్ని చేతిలోకి తీసుకుంది. తను తీగ చుట్టే తీరు అది. ఎగతాళా, బెదిరింపా? చూపించేవంటే నీది కాదని చెప్పాను కదా అని గుర్తుచెయ్యడానికా? సత్యరాజుకి చెప్పింది. అతను దారం వైపు కూడా చూడకుండా, శనివారం ముందర ఈ గొడవలేటి అని విసుక్కున్నాడు.

గురువారం మేరీ ఒక నిశ్చయానికి వచ్చింది. ఎవరు ఏమన్నా సరే, ఆనవాయితీ ప్రకారం ఆ బందు విప్పేస్తుంది. చూపు వదిలిపోతే పోతుంది. సత్యరాజు చర్చి కమిటీకని వెళ్ళగానే కళ్ళజోడుని బల్ల మీదికి తెచ్చింది. ఇన్నాళ్ళూ భయంతో కాడలు మడవడమే గానీ దాన్ని దగ్గరగా చూసింది లేదు. ఎడమ బందు మీద నల్లటి జిడ్డు గడ్డకట్టి ఉంది. ఎడమ బందేనా? పీట మీద రాణిగారిలా కూర్చున్న మనిషికి ఎడమ బందు అరగడమేమిటి? కిరసనాయిలు గుడ్డతో తుడిచింది. జిడ్డు కరిగింది. కింద స్క్రూ ఉండాలి.

స్క్రూ లేదు. పిన్నీసు తీగ ఉంది. చిన్న పిన్నీసుని సాపు చేసి, కన్నాల్లోంచి దూర్చి, అడుగున ఒకటిన్నర చుట్టు తిప్పి ఉంది. తోక లోపలికి మడిచి ఉంది.

ఆ తీగ నిన్నమొన్నటిది కాదు, వన్నె తగ్గి, కాడలోని ప్లాస్టిక్‌లో తన ఆనవాలు తను తొలుచుకుంది. ముప్ఫై ఏళ్ళో, నలభై ఏళ్ళో. మామగారు చేసి ఉంటారా? మామగారిది బట్టతల, ఫొటోలో మెరుస్తూనే ఉంటుంది. తోక జుట్టుకి తగులుతుందన్న ఆలోచన ఆయనకి ఎందుకొస్తుంది? మేరీ ఆ కళ్ళజోడు పెట్టుకుంది. దూరంగా గోడ అలుక్కుపోయింది. కానీ జానెడు దూరంలో తన వేళ్ళు, వేళ్ళ చివర తీగ, తీగ మీద గీత కూడా స్పష్టంగా కనిపించాయి. బుల్లమ్మకి చదువు రాదు. బైబిలు ఎవరో చదివితే వినేది. చదువు రాని మనిషికి జానెడు దూరం చూపు ఆనే అద్దాలు ఎందుకు? ఆ అద్దాల్లోంచి చూస్తుంటే తన చేతులు తనవిలా లేవు. ముదిరిన చేతులు, పని తెలిసిన చేతులు. కుడిచెయ్యి సన్నగా వణుకుతోంది.

ఎక్కడో, చెవి వెనకాల, నాలుక చప్పరించిన చప్పుడు కోసం ఎదురుచూసింది. రాలేదు.

రాత్రి అన్నం వడ్డిస్తూ, మామూలుగా అడిగినట్టే అడిగింది. "మీ నాన్నగారు రిపేర్లు ఎక్కడ కూకుని సేసేవోరు?"

"లోపల," అన్నాడు సత్యరాజు.

"సేత్తంటే మీరు సూసేరా?"

అతను ముద్ద కలుపుతూ ఆలోచించాడు. "నాన్న లోపలికి తీసికెల్లేవోడు, బయిటికి తెచ్చేవోడు. లోపల అమ్మ ఉండేది కదా, వొండుకుంటా."

ఆ మాట అని చారు పోసుకున్నాడు. తను ఏం చెప్పాడో అతనికి తెలియలేదు. మేరీకి దుఃఖం వచ్చింది, తన కోసం కాదు, అత్తగారి కోసం. పద్దెనిమిదేళ్ళు ఒకే గదిలో, ఒకే పొయ్యి పక్కన, తన పని తన కళ్ళముందే ఇంకొకరి చేతుల్లోంచి పుట్టి, మళ్ళీ అదే తెర దాటి అదే దారిన పోతుంటే చూస్తూ కూర్చున్న మనిషి. చెప్పుకోవడానికి ఒక్క చప్పరింపు తప్ప ఆవిడకేం మిగిలింది? శాపం అనుకున్నది జాగ్రత్త చెప్పడం. అది ఇప్పుడు తెలిసింది, ఆవిడ పోయిన మూడు నెలలకి.

ఆ రాత్రే మేరీ బందు విప్పి శుభ్రం చేసి, అత్తగారి తీగనే అదే కన్నాల్లో, అదే చుట్టుతో తిరిగి పెట్టేసింది. శుక్రవారం పొద్దున్న కళ్ళజోడు మళ్ళీ తెరుచుకుని తెర వైపు చూస్తోంది. బందు విప్పినా చూపు వదల్లేదు. మేరీకి ఈసారి భయం వెయ్యలేదు. వచ్చిన కొత్తలో పని తప్పుగా చేసినప్పుడు ఎలా ఆలోచించేదో అలా ఆలోచించింది. ఇంకా ఎక్కడో సరిగ్గా రాలేదు. ఎక్కడ?

కళ్ళజోడు చూస్తున్న వైపే తనూ చూసింది.

శనివారం పదకొండింటికి రోనాల్డ్ వచ్చాడు. తెల్లచొక్కా, చేతిలో నోటుబుక్కు, నెమ్మదిగా మాట్లాడే మనిషి. సత్యరాజు కూల్‌డ్రింకు ఇచ్చి, తండ్రి ఫొటో చూపించి, ఆయన చేతి మహిమ చెప్పి, ఒక్క అయిదు నిమిషాలండీ అని లోపలికి తిరిగాడు. తెర తప్పించడానికి చెయ్యి చాపాడు. చెయ్యి గాలిలోకి వెళ్ళింది.

తెర లేదు. పొద్దున్నే మేరీ దాన్ని విప్పి సబ్బునీళ్ళలో నానేసింది. ఉతికి చాలా రోజులైంది మరి. ముందు గదిలోంచి చూస్తే ఇప్పుడు పొయ్యి, పొయ్యి మీద ఉడుకుతున్న పప్పు, కిటికీ, బల్ల, బల్ల ముందు మేరీ, ఆమె చేతిలో తీగ, అన్నీ కనిపిస్తున్నాయి. రోనాల్డ్ మర్యాదగా లేచి నిలబడ్డాడు. సత్యరాజు అక్కడే, ఉత్త కడ్డీ కింద, చెయ్యి దించడం మర్చిపోయి నిలబడ్డాడు.

"లోపలికి రండి," అంది మేరీ. "సూద్దురు గాని."

ఆయన వచ్చి బుల్లమ్మ పీట మీద కూర్చున్నాడు. మేరీ పోగు దూర్చింది. ఒక చుట్టు. ఇంకో అర. తోక లోపలికి. ఎడంచేత్తో కాడ పట్టుకుని బయటికి బలంగా లాగి వదిలింది, అది తన చోటికి వచ్చేసింది. రోనాల్డ్ దాన్ని అందుకుని పదిసార్లు లాగి చూశాడు. తోక ఎందుకు లోపలికని అడిగాడు. జుట్టు పీకుతుందని చెప్పింది. ఒకటిన్నరే ఎందుకని అడిగాడు. అదీ చెప్పింది. మూడో ప్రశ్నకి ఆయన సత్యరాజు వైపు చూడడం మానేశాడు.

"ఇది ఎవరు కనిపెట్టారమ్మా?"

పప్పు పొంగుతోంది. మేరీ మంట తగ్గించలేదు. పలక మీంచి తెచ్చి పెట్టుకున్న అత్తగారి కళ్ళజోడు తీసి, ఎడమ బందు ఆయనకి చూపించింది.

"మా అత్తగారు. బుల్లమ్మ అని రాసుకోండి. ఆవిడ సెప్పుకోలేదు. తరవాత నేను. నేను సెప్పుకుంటన్నాను."

రోనాల్డ్ నోటుబుక్కు తెరిచాడు. అందులో ఫోనులో విన్న పేరు ముందే రాసి ఉంది. ఆయన దాని మీద గీత కొట్టడానికి కాస్త తటపటాయించాడు, మర్యాదస్తుడు కదా. తర్వాత కొట్టాడు.

ఆయన వెళ్ళాక సత్యరాజు కౌంటరు వెనక్కి వెళ్ళి కూర్చున్నాడు. రేపేమవుతుందో మేరీకి తెలియదు. సాయంత్రం షట్టరు దించబోతూ అతను అడిగాడు, తెర ఆరిందా అని. ఆరింది, మడిచి ట్రంకుపెట్టెలో పెట్టేసేను అంది. అతను కడ్డీ వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు, మెట్లెక్కి పైకి వెళ్ళిపోయాడు.

ఆ పూట మేరీ అత్తగారి కళ్ళజోడు మడవలేదు. కాడలు తెరిచే, వెనక గది వైపు తిప్పే పలక మీద ఉంచింది. ఇప్పుడు అడ్డం ఏమీ లేదు. చూసినంత చూడు అత్తా అని వెళ్ళి పడుకుంది.

ఆదివారం పొద్దున్న చీపురు పట్టుకుని షాపులోకి వచ్చింది. కళ్ళజోడు మడిచి ఉంది. రెండు చేతులూ ఖాళీగా ఉన్న మనిషి తీరిగ్గా మడిచినట్టు, ఒక కాడ మీద ఒక కాడ, ఒద్దికగా.